కత్తి దాచిన మనిషి

మా వీధి చివర మటన్ దుకాణం భాయ్ మొన్న శుక్రవారం పొద్దున గుండె ఆగి పోయాడు. పాల ప్యాకెట్లు వేసే అతను ఆ సంగతి చెప్పి, "ఇంక మీకు పరేషాన్ లేదు మేడమ్" అన్నాడు. పదకొండేళ్లు ఆయనతో పోట్లాడినదాన్ని. ఆయన గురించి నేను తీయగా రాస్తే ఆయనే ఒప్పుకోడు.

గుంటూరు నుంచి వచ్చి పద్మారావు నగర్‌లో ఇల్లు కొన్న కొత్తలోనే మా గొడవ మొదలైంది. మా గేటుకూ ఆయన దుకాణానికీ మధ్య రెండే ఇళ్లు. పొద్దున్నే మేకల అరుపులు, మోరీ కాలవలో ఎర్రటి నీళ్లు. దుకాణం ఎత్తేయించమని అర్జీ రాసి వీధంతా తిరిగి సంతకాలు పెట్టించాను. ఆయన ఆ కాగితం ఎవరితోనో చదివించుకుని, నలుగురి ముందూ నన్ను ఆపాడు.

"మొన్న ఆదివారం కిలో నా దగ్గర్నే తీస్కపోయిండ్రు గదమ్మా. కూర గావాలె, కోసుడు మాత్రం కండ్లకు కనపడొద్దు. అంతేనా?"

అందరూ నవ్వారు. ఆ రోజు నుంచి బేగంపేటలో మా ఆఫీసు పక్కనున్న సూపర్‌మార్కెట్‌లో మాంసం ప్యాకెట్లు కొనుక్కునేదాన్ని. నా చేతిలో సంచి చూస్తే చాలు, "గది చెట్టుకు కాసిందా మేడమ్?" అని వెటకారం చేసేవాడు.

ఒకరోజు మోరీ మళ్లీ పొంగింది. కోపంగా నేరుగా దుకాణం వెనక వాకిట్లోకి వెళ్లాను. అక్కడ రెండు మేకలు ఉన్నాయి. ఆయన ఒకదాన్ని గోడ అవతలికి తీసుకెళ్లి కట్టేసి, రెండోదానికి నీళ్లు పెట్టాడు. కత్తిని గుడ్డలో చుట్టి వీపు వెనక పట్టుకున్నాడు. అది తాగడం అయ్యేదాకా నన్ను ఆగమని చెయ్యి చూపించాడు. నాకు ఒళ్లు మండింది.

"దానికేం తెలుస్తుందని ఈ నాటకం?" అన్నాను.

ఆయన ముఖం అంతలా ఎర్రబడటం అంతకు ముందెప్పుడూ చూడలేదు.

"ఏం తెల్వదా? కత్తి తెలుస్తది. పక్కది పొయ్యి తిరిగి రాలేదని తెలుస్తది. ముప్పై ఏండ్ల సంది కోస్తున్న, నాకు చెప్తున్నరా? దానికేం తెల్వదనేటోళ్లు తినేటోళ్లే. కోసేటోనికి ఆ సుఖం లేదు."

"అన్నీ తెలిసి ఎట్లా చంపుతున్నారు మరి?"

"చంపుత. గిది నా పని. తెల్వదని మాత్రం అనను. అల్లా ముంగట అబద్ధమాడాల్నా?"

"అయితే మీది ఇంకా పెద్ద పాపం."

"కావొచ్చు" అన్నాడు. మేక వైపు చూసి, "జెర బయటికి నడువుండ్రి. మీ గొంతుకు బెదురుతున్నది" అన్నాడు.

ఆ సాయంత్రం ఫ్రిజ్‌లోని ప్యాకెట్ తెరవడానికి చెయ్యి రాలేదు. ఆ తర్వాత ఇంట్లో మాంసం వండలేదు. ఆ సంగతి కొంచెం గర్వంగానే ఆయనకు చెప్పాను. మెచ్చుకుంటాడేమో అనుకున్నాను.

"మీరు మానేస్తె నా మేక బతికిందా? మీ మనసుకు నిమ్మళమైంది, గంతే" అన్నాడు.

ఆ మాటకు ఏడాది పాటు ఆయనతో మాట్లాడలేదు. ఆయన వీధిలో ఎదురైతే అవతలి వైపుకు దాటేదాన్ని. ఆయన కూడా నన్ను చూసి ఖాండ్రించి ఉమ్మేవాడు.

ఇప్పటికీ నేను ఆయనను క్షమించలేదు. ప్రాణానికి భయం ఉందని తెలిసి కూడా కత్తి ఎత్తినవాణ్ణి ఆ తెలివిడి నిర్దోషిని చేయదు. ఈ మాట ఆయన మొహం మీదే అన్నాను, ఆయన పోయాక కూడా అంటాను. అయితే జంతువుల గురించి నాతో మాట్లాడినవాళ్లందరిలోనూ తన సౌకర్యం కోసం అబద్ధం చెప్పనివాడు ఆయనొక్కడే. నా అబద్ధాన్ని పట్టుకున్నవాడు కూడా ఆయనే. దానికి కృతజ్ఞత చెప్పాల్సింది. బతికుండగా నోరు రాలేదు.

శుక్రవారం మధ్యాహ్నం వాళ్లింటికి వెళ్లేసరికి శవాన్ని మోసుకుని జనాజా అప్పటికే మసీదుకు వెళ్లిపోయింది. షామియానా కింద ఖాళీ కుర్చీలు. శనాదివారాల కోసం మండీ నుంచి తెచ్చిన మేకలు రెండు, ఎవరూ పట్టించుకోక, ఆ కుర్చీల మధ్య తిరుగుతున్నాయి. ఒకటి నా దగ్గరికొచ్చి చీర కొంగు నమలడం మొదలుపెట్టింది. కొంగు తడిసి కొంచెం కొంచెంగా దాని నోట్లోకి పోతోంది. నేను లాక్కోలేదు.