నెరిడా పుట్టించిన చప్పుడు

యార్లిట్టా ఊళ్లో "పర్లేదు" అన్న మాటకి అర్థం నెరిడా నాస్కెకి తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. పోస్టాఫీసులో ఉత్తరాలు వేరుచేస్తూ ఉండేది. పిలుపొస్తే తలుపుకి "ఇప్పుడే వస్తా" అన్న పలక తగిలించి అంబులెన్సెక్కేది. అంబులెన్సు పనికి జీతం లేదు. అలా పందొమ్మిదేళ్లు చేసి, పోయిన చలికాలం ఆమే పోయింది. ఇప్పటికీ ఆ కౌంటర్ దగ్గర జనం ఒంట్లో బాగుందని అబద్ధాలాడుతూనే ఉన్నారు. పట్టుకునేవాళ్లే లేరు.

గబుక్కున అన్న "పర్లేదు" నిజంగానే పర్లేదు. "పర్లేదులే" అంటే మనిషి చేతికి తువ్వాలు చుట్టుకున్నాడన్నమాట. వేలు తువ్వాల్లో ఉందో కోతమిషన్‌లో ఉందో వెతుక్కోవాలి. "కాస్త తేడాగా ఉంది" అన్నాడా, పట్నం నుంచి డాక్టర్ల విమానానికి కబురు పెట్టాల్సిందే.

డిసెంబరు కోతల్లో ఒక మధ్యాహ్నం ఏవిస్ ఫోన్ చేసింది. "క్లెమ్ కాస్త తేడాగా ఉందంటున్నాడు నెరిడా."

నెరిడా ముందు విమానానికి చెప్పి, తర్వాత స్కూలు బస్సు నడిపే కోలిన్‌ని స్టీరింగ్ ముందు కూర్చోబెట్టి బయల్దేరింది.

ఏవిస్ మొగుడు క్లెమ్ డెబ్బై రెండేళ్లవాడు. పొలంలో మిషన్ నీడన కూలబడి ఉన్నాడు. మొహం సున్నం కొట్టినట్టుంది. ఛాతీకి తీగలు అంటించనిచ్చాడు, ఆస్పిరిన్ నమిలాడు. యంత్రం గీసిన గీతలు చూసి నెరిడా ఏమీ దాచలేదు.

"నీ గుండెకి రక్తం అందట్లేదు క్లెమ్. ఇంకాసేపట్లో ఊరి దగ్గర విమానం దిగుతుంది. ఎక్కకపోతే పోతావు."

"బార్లీ కోశాక పోతాలే. రేపు వానంట."

"నొప్పి పదికి ఎంత?"

"రెండు."

"రెండేంటి?"

"మూడంటే తీసుకుపోతారుగా!"

ఏవిస్ బతిమాలింది, తిట్టింది, చివరికి ఏడ్చింది. క్లెమ్ మిషన్ వైపే చూస్తున్నాడు. బుర్ర సరిగ్గా ఉన్న మనిషి రానంటే రెక్క పట్టి లాగకూడదన్నది చట్టం. వదిలేస్తే సాయంత్రానికి ఏవిస్ ఒక్కతే మిగిలేలా ఉంది. నెరిడా సంచి సర్దుతున్నట్టు నటిస్తూ కోలిన్ వైపు తిరిగింది.

"సరే, పోదాం పద. ఆ చప్పుడు మళ్లీ వస్తే గ్యారేజీలో చూపిద్దాం."

"ఏ చప్పుడు?" అన్నాడు కోలిన్. ఆమె అతని కాలు తొక్కింది. "ఓ... ఆ చప్పుడా!"

"ఏం చప్పుడు?" అన్నాడు క్లెమ్. బండి చప్పుడు విని జబ్బు చెప్పడంలో ఆ చుట్టుపక్కల అతన్ని మించినవాడు లేడు. ఆ సంగతి అందరికంటే ముందు అతనే చెబుతాడు.

"ఎనభై దాటితే వెనక టకటకమంటోంది. గ్యారేజీవాడు ఇంజనంటున్నాడు."

"వెనక చప్పుడొస్తే ఇంజనేంటి, వాడి మొహం! ఎక్కడ కూర్చుంటే వినిపిస్తుంది?"

"పడుకుంటే ఇంకా బాగా. స్ట్రెచర్ సరిగ్గా ఇరుసు మీదే."

పడుకున్నాడు. గతుకులకి దొర్లిపోతావంటూ నెరిడా బెల్టులు బిగించింది. తారురోడ్డెక్కి బండి తొంభై అందుకున్నాక క్లెమ్ తలెత్తాడు.

"ఏ చప్పుడూ లేదు. మోసం చేశావు కదే అమ్మాయ్!"

"చేశాను."

"ఆపరా కోలిన్, దిగుతా. నాకు కాళ్లున్నాయి."

అడిగితే ఆపాల్సిందే. కోలిన్ అద్దంలోంచి నెరిడాను చూసి వేగం తగ్గించాడు. అంతలో క్లెమ్ చెయ్యెత్తాడు.

"ఉండండి. ఎవరూ మాట్లాడకండి."

టక్... టక్... టక్.

"ఎడమ వెనక చక్రం. నట్లు వదులయ్యాయి, దరిద్రుల్లారా!"

"నాటకాలాడకు," అంది నెరిడా.

కోలిన్ దిగి చూశాడు. తిరిగొచ్చేసరికి అతని మొహం క్లెమ్ మొహం కన్నా పాలిపోయి ఉంది. గురువారం టైరు మార్చింది అతనే. మూడు నట్లు వేళ్లతో తిప్పితే తిరుగుతున్నాయి. బిగించడానికి నాలుగు నిమిషాలు పట్టింది. నాలుగు నిమిషాలూ నెరిడా కళ్లు యంత్రం గీతల మీదే ఉన్నాయి.

"ఇప్పుడు దిగుతావా?" అంది చివరికి.

"దిగడమేంటి? వీడు బిగించింది సరిగ్గా కూర్చుందో లేదో వినొద్దూ? పోనీరా, తొంభైలో పోనీ."

విమానం రెక్క కిందికి చేరేదాకా కళ్లు మూసుకుని వింటూనే ఉన్నాడు.

నెల తర్వాత, గుండెకి స్టెంట్లు వేయించుకుని పోస్టాఫీసుకొచ్చాడు. బార్లీ తడిసి పశువుల దాణా కింద పోయింది. ఆ కడుపుమంటంతా కౌంటర్ మీద గుద్ది చూపించాడు.

"ఆ నట్లు నిజంగా వదులై ఉండకపోతే దిగిపోయేవాణ్ణి, తెలుసా?"

నెరిడా ఉత్తరాల మీంచి తలెత్తలేదు.

"దిగేవాడివే. అప్పుడు వెనక తలుపు కిర్రుమంటోందనేదాన్ని."