నేను దాచిన రోడ్డు

ఈ సంగతి ఇన్నేళ్లుగా గుండెల మీద బరువై కూర్చుంది. నా భార్యకు కూడా చెప్పలేదు. మీరెవరో తెలియదు కాబట్టే మీకు చెప్పగలుగుతున్నానేమో.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో రాజమండ్రిలో, పట్టణ ప్లాన్లు గీసే ఓ ప్రైవేటు ఆఫీసులో కంప్యూటర్ మీద మ్యాపులు చేసేవాణ్ణి. జనం వచ్చి తెర మీద తమ వీధి చూసుకుని, అభ్యంతరాలుంటే గడువులోగా చెప్పుకోవచ్చని మున్సిపాలిటీవాళ్లు చాటింపు వేయించారు. గోదావరి గట్టు కింద చేపలు పట్టేవాళ్ల పేట ఉండేది. ఆ పేట తరఫున సత్యవతమ్మ వచ్చింది.

ఆ పేట మధ్యలోంచి కొత్త రోడ్డు గీశాం. మ్యాపులో ఎర్ర గీత. ఆవిడ లోపలికి వస్తుండగానే మా మేనేజర్ నా చెవి దగ్గర వంగి, "ఆ గీత కనపడకుండా చెయ్యి. లేకపోతే గొడవ చేస్తారు" అన్నాడు. మౌస్ ఒక్కసారి నొక్కితే చాలు.

నొక్కాను.

ఆవిడ తెర మీద తన ఇల్లు గుర్తుపట్టి మురిసిపోయింది. తర్వాత అడిగింది.

"మా ఇళ్ల మీంచి ఏదీ పోవట్లేదు కదా బాబూ?"

"ఏమీ లేదండి. మీరే చూస్తున్నారు కదా."

"నువ్వు చెప్పావు, చాలు. మావోళ్లకి చెప్పేత్తాను."

చెప్పింది. ఎవరూ అభ్యంతరం పెట్టలేదు. గడువు దాటిపోయింది. తర్వాత ఇళ్లు కూల్చారు. పేటంతా ఆవిడ మీద పడింది, నువ్వే కదా చూసొచ్చావని. సొంత తమ్ముడు మాట్లాడటం మానేశాడు.

ఎందుకు నొక్కాను? ఉద్యోగం పోతుందనా? అలా అనుకుంటే కొంత నయంగా ఉంటుంది, కానీ ఆ క్షణంలో నాకు భయం కూడా లేదు, చెప్పారు కాబట్టి చేశాను, అంతే, అదే ఇప్పటికీ మింగుడుపడదు.

ఆవిడ ఇప్పుడు మా వీధిలో చేపలమ్ముతుంది. నన్ను చూడగానే పక్కవాళ్లకి చెబుతుంది, "ఈ బాబు చూపించినప్పుడు ఆ గీత లేదండి. తర్వాత ఎవరో మార్చేశారు" అని. తమ్ముడితోనూ ఇదే వాదన. నేను తలూపుతాను. నిజం చెబితే, గీత అప్పుడే ఉందని, నన్ను నమ్మి తానే మోసపోయిందని తేలి, ఆవిడకు మిగిలిన ఆ ఒక్క మాటా పోతుంది. చెప్పకపోతే నేను మంచివాడిగా బతకాలి. ఏది ఎక్కువ పాపం?

గీత ఎవరూ మార్చలేదు. ముందే ఉంది. నేనే దాచాను.

ఆవిడకు చెప్పే ధైర్యం వస్తుందని మాటివ్వలేను. ఇక్కడైతే రాశాను. కాస్త ఊపిరాడుతోంది.