అక్క చేలో పచ్చదోమ

మొన్న తెనాలిలో కూరగాయలు కొనుక్కుని వస్తుంటే ఒక పురుగుమందుల కొట్టు ముందు కొత్త ఫ్లెక్సీ కనిపించింది. దాని మీద పిల్లి అంత పురుగు బొమ్మ, కింద ఎర్రటి అక్షరాల్లో ‘పచ్చదోమకు చెక్’ అని. ఆ బొమ్మలో ఉన్నది పచ్చదోమ కాదు, సుడిదోమ. గోధుమరంగులో ఉన్నదాన్ని పట్టుకుని పచ్చ అంటే, రాసినవాడికి పురుగు సంగతి సరే, రంగులు కూడా తెలియవన్నమాట. జీవితమంతా పురుగుల పాఠాలు చెప్పి రిటైరైన మనిషిని కదా, అక్కడే నిలబడిపోయాను. నా కోపానికి సంచీలో టమోటాలు నలిగాయి. దారినపోయేవాళ్ళకి ఏం తెలుసు, ఆ కోపం బొమ్మ మీదది కాదని, మా అక్క గురించినదని.

నేను బాపట్లలో వ్యవసాయం చదువుకునే రోజుల్లో అక్క నన్ను చూడటానికి రేపల్లె అవతల పెనుమూడి నుంచి వచ్చేది. గోంగూర పచ్చడి సీసా నా చేతిలో పెట్టి, ముందు భూతద్దం ఇమ్మనేది. బడి మధ్యలో మానేసిందిగానీ, చూపు మాత్రం సూదిమొన. వరిలో రెండు రకాల పచ్చదోమలు ఉంటాయనీ, రెండూ పచ్చగానే ఉంటాయనీ, తల ముందంచున కళ్ళ మధ్య నల్లటి పట్టీ ఉంటే ఒకటి, లేకపోతే రెండోదనీ నేను బట్టీ పడుతుంటే, అక్క నవ్వి, “బొట్టు ఉన్నదీ లేనిదీ అన్నమాట,” అంది. పరీక్షలో నాకు గుర్తొచ్చింది పుస్తకం కాదు, ఆ మాటే. పచ్చదోమ వెనకకాలి పొడుగునా రంపప్పళ్ళలాంటి ముళ్ళ వరస ఉంటుంది. సుడిదోమ కాలికి చివర్న కదిలే పెద్ద ముల్లు ఒకటి ఉంటుంది. పచ్చది ఆకుల మీద తిరుగుతుంది, సుడిదోమ దుబ్బు మొదట్లో, నీళ్ళకి కాస్త పైన దాక్కుంటుంది. ఇదంతా అక్కకి నోటికి వచ్చు. వెళ్ళేటప్పుడు నా భూతద్దం కూడా పట్టుకుపోయింది.

పెనుమూడిలో బావగారి పొలం పక్కనే మా నాన్న అక్క పేరున రాసిన పొలం ముక్క ఉండేది. ఒక ఏడు నాట్లు కుదురుకున్నాక ఆకుల మీద పచ్చదోమ కొద్దిగా కనిపించింది. మందుల కొట్టాయన వచ్చి గట్టు మీద నిలబడే, చేలోకి దిగకుండానే, “దోమండి, వెంటనే కొట్టేయాలి,” అన్నాడు. బావగారు కొట్టించారు. మళ్ళీ కొట్టించారు. అక్క మాత్రం తన చేలోకి స్ప్రేయరు రానివ్వలేదు. “ఇది పచ్చదోమండి. ఈ మాత్రానికి పైరుకేం కాదు. మందు కొడితే ముందు దోమల్ని తినే సాలీళ్ళు చస్తాయి, వాటి వెనకాల సుడిదోమ లేస్తుంది,” అంది. “మీ చెల్లెలు చదివితే నువ్వు పాసయ్యావా?” అన్నారట బావగారు. పక్కనున్నవాళ్ళు నవ్వారట.

వెన్నులు పాలుపోసుకునే వేళకి బావగారి చేలో సుడిదోమ లేచింది. పైరు సుడులు సుడులుగా, నిప్పు పెట్టినట్టు మాడింది. అప్పుడు కొట్టాయన ఏమన్నాడో వినండి. “ఆవిడ చేలో మందు కొట్టలేదు కదండీ, దోమ అక్కడే పెరిగి ఇటొచ్చింది.” ఊరంతా ఆ మాట పట్టుకుంది. నీళ్ళ బిందెతో వెళ్తుంటే ఆడవాళ్ళు మొహం తిప్పుకున్నారని అక్క ఫోనులో చెప్పింది. ఏడవలేదు. ఏడిస్తే నాకు ఇంత కోపం వచ్చేది కాదేమో.

మర్నాడు పొద్దున్నే రేపల్లె రైలెక్కాను. రెండు చేలలోనూ దిగి, దుబ్బులు తట్టి, పురుగుల్ని వేరువేరు గాజుగొట్టాల్లో వేసుకున్నాను. అక్క చేలో ఆకుల మీద పచ్చదోమ, మొదట్లో బోలెడన్ని సాలీళ్ళు, అక్కడక్కడా సుడిదోమ. బావగారి చేలో సాలీడన్నది లేదు, సుడిదోమ గుప్పెళ్ళు గుప్పెళ్ళు. బావగారిని వెంటబెట్టుకుని తిన్నగా కొట్టుకి వెళ్ళి, అందరి ముందూ భూతద్దం ఆయన చేతిలో పెట్టాను. “రెండింటి కాళ్ళూ చూడండి. మీరు మందు కొట్టించింది దేనికి, చేను మాడ్చింది ఏది?” ఆయన చూశాడు. బాగానే చూశాడు. భూతద్దం బల్ల మీద పెట్టి, “ఏదైతే ఏంటి మేడమ్, దోమ దోమే కదండీ,” అన్నాడు. అందరూ మళ్ళీ నవ్వారు. నేను బావగారి వైపు చూశాను. ఆయన కూడా గొట్టాలు చూసినవారే. “నువ్వూరుకోమ్మా, నలుగురిలో ఎందుకు?” అన్నారు.

అక్క తన చేలో నీళ్ళు తీసేసి, పైరు మధ్య పాయలు తీసి గాలి ఆడనిచ్చింది. ఓ మూల పోయిందిగానీ మిగతా పంట నిలబడింది. అదే ఆమె తప్పుకి సాక్ష్యమైంది. “అందర్నీ ముంచి తను పండించుకుంది చూడు,” అన్నారు. మరుసటేడు నుంచి బావగారు ఒక దుబ్బు పీకి పెరటి గుమ్మంలోంచి తెచ్చి, “ఇదేంటో చూసి చెప్పవే,” అని అక్కనే అడిగేవారు. పెరట్లో అడిగే మనిషి అరుగు మీద మాత్రం నోరు విప్పలేదు. నేను మండిపడితే అక్క, “పోనీవే, అడుగుతున్నారుగా,” అనేది. ఆ ‘పోనీవే’ మీద కూడా నాకు కోపమే.

అక్క పోయాక, పెద్దకర్మ నాడు, భోజనాల దగ్గర బావగారి వైపు పెద్దాయనొకరు, “మహాతల్లి, ఆ ఏడు దోమ సంగతొక్కటి తప్ప ఎవరికీ కీడు చేసిన మనిషి కాదు,” అన్నాడు. నేను లేవబోయాను. ఈలోగా బావగారు విస్తరిలోంచి తలెత్తకుండా, “దోమ పుట్టింది నా చేలో బాబాయ్. ఆవిడ చేలో కాదు,” అన్నారు. పంక్తిలో అందరూ జాలిగా ఆయన్ని చూశారు. నాకు జాలి కలగలేదు. “ఈ మాట అక్క ఉండగా ఎందుకనలేదండీ బావగారూ?” అని అడిగాను. ఆయన విస్తరి మడిచేశారు. ఎవరో నా భుజం మీద చెయ్యి వేసి కూర్చోబెట్టారు.

రోజులు గడిస్తే కోపం చల్లారుతుందని నాతో చాలామంది అన్నారు. గడిచేకొద్దీ నాకు అర్థమైంది వేరు: ఆ ఒక్క మాట చెప్పడానికి బావగారికి అక్క బతికున్న ఏళ్ళన్నీ ఉన్నాయి.