నారాయణ పోసిన తొలి గ్లాసు

వేంపల్లె దగ్గరి ఆ పల్లెలో నారాయణను తెలియనివాళ్లు లేరు. ఇరవై ఎకరాల వేరుశనగ, రెండు బోర్లు, ముక్కు మీద కోపం. ఒక దెబ్బ తిని రెండు కొట్టకుండా ఇల్లు చేరిన రోజు ఆయన బతుకులో లేదు. కూరలో ఉప్పెక్కువైనా భార్య ఓబులమ్మ మీద చేయి లేచేది. ఊరేమో మగాడంటే అలా ఉండాలని మెచ్చుకునేది. ఊరిదేం పోయింది, దెబ్బలు తినేది ఊరు కాదుగా.

పెద్దమ్మ జాతరలో ఇంటి పెద్దకొడుకు ఒక్క వేటుకు పొట్టేలు తల నరకాలి. అది వాళ్లింటి ఆనవాయితీ. 1994లో నారాయణ ఒక్కగానొక్క కొడుకు శివన్నకు పన్నెండేళ్లు. వేటకొడవలి చేతికివ్వగానే పిల్లవాడు వణికిపోయి ఏడ్చాడు. బంధువులు నవ్వారు. నారాయణకు తల కొట్టేసినట్టయింది. సారా నిషేధం వచ్చి ఏడాదయినా వాగువంకల్లో కాచే నాటుసారాకు కొదవ లేదు. గ్లాసెడు తెచ్చి కొడుకు గొంతులో పోశాడు. కాసేపటికి పొట్టేలు తల తెగింది. కొడుకును భుజాన ఎక్కించుకుని ఊరంతా తిప్పాడు. ఆ భుజం మీదే పిల్లవాడు వాంతి చేసుకుంటే జనం ఈలలు వేశారు.

ఆ తర్వాత ప్రతి జాతరకూ, ప్రతి విందుకూ ఒక గ్లాసు. పదహారేళ్లు వచ్చేసరికి విందు కూడా అక్కర్లేకపోయింది. చదువు అటకెక్కింది. పెళ్లి చేస్తే దారికొస్తాడన్నారు. రాయచోటి నుంచి తెచ్చుకున్న కోడలు లక్ష్మీప్రియ ఏడాది తిరక్కుండా వాచిన కన్నుతో పుట్టింటికి పోయింది. 2006 వేసవిలో, సీసా దాచిందని శివన్న తన తల్లి మణికట్టును రోకలితో విరగ్గొట్టాడు.

నారాయణ తనకు తెలిసిన వైద్యం మొదలుపెట్టాడు. కొడుకును పశువుల కొట్టంలో గుంజకు కట్టేసి, చుక్క మందు అందనివ్వకుండా చెర్నాకోలతో బాదాడు. మూడో రోజు శివన్న కళ్లు తేలేసి, నోట్లో నురగతో గిలగిల కొట్టుకున్నాడు. నారాయణ అది నాటకమనుకుని ఇంకా బాదాడు. అంత మూర్ఖత్వం ఏ పశువుకైనా ఉంటుందా! ఓబులమ్మ కట్టుకట్టిన చేతితోనే తాళ్లు కోసి, జీపు పిలిపించి కడప ఆసుపత్రికి తీసుకుపోయింది.

రోజూ తాగేవాడికి ఒక్కసారిగా ఆపేస్తే ఇలా ఫిట్స్ వస్తాయని, ఇంకో పూట ఆగి ఉంటే ప్రాణం పోయేదని డాక్టరు సుచరిత చెప్పింది. మొదట ఎప్పుడు తాగాడని అడిగింది.

“పన్నెండేండ్లప్పుడు మేడమ్. నేనే పోస్తి,” అన్నాడు వెంట వచ్చిన నారాయణ.

ఆమె తన నుదుటి మీద వేలు పెట్టి చూపింది. నుదుటి వెనక ఉండే మెదడు భాగమే మనిషికి ‘వద్దు, ఆగు’ అని చెబుతుందని, అది పూర్తిగా ఎదిగేసరికి పాతికేళ్లు వస్తాయని విడమరిచింది. లేత వయసులో మందు పడితే అలవాటు బాగా లోతుకు దిగుతుందట, పగ్గం వేయాల్సిన చోటే బలహీనపడుతుందట. మాన్పించవచ్చు గానీ మళ్లీ మళ్లీ జారతాడు, మళ్లీ మళ్లీ తీసుకురావాలి, కొడితే మాత్రం మానడు అంది.

ఇంటికొచ్చాక నలభై రోజులు శివన్న మందు ముట్టలేదు. మాత్రలు నారాయణే చేతికిచ్చేవాడు. ఆ తర్వాత నారాయణకు చిన్నాన్న కొడుకైన ఓబుళేశు ఇంట్లో నామకరణం వచ్చింది. మధ్యాహ్నానికల్లా శివన్న తూలుతూ వచ్చి, నా పెళ్లాన్ని తరిమింది నువ్వేనంటూ తల్లి గొంతు పట్టుకుని గోడకు అదిమాడు. ఓబులమ్మ కళ్లు బైర్లు కమ్మాయి. నారాయణ వేటకొడవలి అందుకున్నాడు. బెదిరించడానికి కాదు, కొడుకును చంపడానికే. ఎత్తిన కొడవలి చూసి, ఊపిరాడని ఓబులమ్మ విరిగిన చేతిని కొడుకు మెడకు అడ్డం పెట్టింది. నారాయణ ఆఖరి క్షణంలో వేటు మళ్లించాడు. కొడవలి ద్వారబంధంలో దిగబడింది. ఆ చప్పుడుకు శివన్న చేతులు సడలి, కింద కూలబడ్డాడు.

కొడవలి పెరుక్కుని నారాయణ ఓబుళేశు ఇంటికి పరిగెత్తాడు. వాని నోట్లో మందు పోసిందెవరని విందు మధ్యలో నిలబడి అరిచాడు.

ఓబుళేశు లేవను కూడా లేవలేదు. “నేనే పోస్తిని అన్నా. నువ్వు పోసినపొద్దు నేనూ ఆడనే ఉంటి. ఈలేసిన వాళ్లలో నేనొకణ్ని. నరుకుతావా, నరుకు.”

చుట్టూ ఉన్నవాళ్లంతా తలలు దించుకున్నారు. ఆ కొడవలి ఎవరి మీద దించాలో నారాయణకు తోచలేదు. దాన్ని ఈడ్చుకుంటూ ఇంటికి నడిచాడు.

శివన్న వాంతిలో పడి ఉన్నాడు. ఓబులమ్మ మెడ మీద వేళ్ల వాతలు నల్లబడుతున్నాయి. నారాయణ కొడుకు పక్కన కూలబడి, తప్పు నాదిరా అన్నాడు. శివన్న కళ్లు తెరిచి, పిడికిలి బిగించి తండ్రి మూతి మీద గుద్దాడు. పన్ను ఊడి నోరంతా నెత్తురైంది. నారాయణ చేయి అలవాటుకొద్దీ లేచి, గాల్లోనే ఆగిపోయింది.

“నేను పోసిన సారానే ఇంత చేసె,” అన్నాడు భార్యతో.

“సారా ఒకటేనా?” అంది ఓబులమ్మ. “నువ్వు నన్ను కొడతాంటే వాడు ఆ మూలన నిలబడి చూస్తాండె. అప్పటికి వానికి మూడేండ్లు.”

నారాయణ నెత్తురు ఉమ్మేశాడు. కొడుకు చంకల కింద చేతులు వేసి లేపి కూర్చోబెట్టాడు. కడపకు జీపు పిలుచుకుని రమ్మని అడగడానికి భార్య ముఖం వైపు చూడలేక, తానే బయటికి నడిచాడు.