రాష్ట్రం వెదికిన వెంకటరమణప్ప

మదనపల్లెలో టమాటా పెట్టెలు తోలే టెంపో వెంకటరమణప్పను అద్దె ఇల్లు ఖాళీ చెయ్యమన్నారు. మామూలు మనిషైతే ఇంకో ఇల్లు వెదుక్కునేవాడు. ఆయన రాష్ట్రాన్ని వెదకడం మొదలుపెట్టాడు.

"ఈడ డీజిల్ మీద పన్ను ఎక్కువ. కర్ణాటకలో తక్కువే గానీ బండి పన్ను మోత. తమిళనాడు సంగతి ఇంకా తేల్లేదు," అన్నాడు కంచం ముందు కూర్చుని, ముగ్గురు పెళ్లికూతుళ్ల జాతకాలు పరిశీలిస్తున్న పెద్దమనిషిలా.

"ముందు మనకు ఇల్లు తేలల్ల. సంగటి సల్లారిపోతాండాది, తిను," అంది భార్య సుశీలమ్మ.

నిజానికి ఆమెకు ఇల్లు ఎప్పుడో తేలిపోయింది. పుంగనూరులో కుప్పమ్మ తన ఇంట్లో అద్దెకిచ్చే భాగం. వీధి వైపు ఒక గది. అందులో కుట్టుమిషను పెడితే దారిన పోయే ఆడవాళ్లు రవికె గుడ్డలతో నేరుగా లోపలికే వస్తారు. ఇప్పుడున్న మేడ మీదికి వెతుక్కుంటూ ఎవరెక్కుతారు? అయితే ఆషాఢం దగ్గర పడింది. శూన్యమాసంలో ఎవరూ ఇల్లు మారరు. శుక్రవారం పొద్దున పాలు పొంగిస్తే ఇల్లు మీది, లేదంటే మధ్యాహ్నానికి సోమల ఊరి నుంచి టీచరమ్మ వచ్చి పొంగించుకుంటుందని కుప్పమ్మ తేల్చి చెప్పింది.

ఈలోగా ఆయన మూడు రాష్ట్రాలు కలిసే కుప్పం పోయి, సిద్ధాంతంతో తిరిగొచ్చాడు.

"కుప్పంలో ఉండామనుకో. పడక ఆంధ్రాలో, డీజిల్ కర్ణాటకలో, సరుకులు తమిళనాడులో!"

"సంసారం యాడ సేస్తావయ్యా?"

"పుంగనూరుకు పోతే ఏమొస్తాది? అదీ ఇదే రాష్ట్రం గదా. పన్నులో తేడా యాడుండాది?"

"నేను పన్ను కోసం పోతాండానా? మిషను కోసం పోతాండాను."

ఆయన ఎంత విసుక్కున్నా చివరికి శుక్రవారం తెల్లారగానే సామానంతా టెంపోకెక్కింది. మిషనూ, స్టవ్వూ, కొత్త పాలగిన్నె సహా. అప్పుడాయన గంభీరంగా సెలవిచ్చాడు. "నువ్వు బస్సులో పో. నేను బార్డరు దాటి డీజిల్ కొట్టించుకోని వచ్చేస్తా. ఇంత బరువు ఆంధ్రా డీజిల్‌తో లాగితే గిట్టదు."

"సామాన్తోనా?" అని సుశీలమ్మ అనేలోగా సంసారం మొత్తం కర్ణాటకకు బయలుదేరింది.

పుంగనూరులో ఎండెక్కింది. ఖాళీ గదిలో పాల ప్యాకెట్టు పట్టుకుని సుశీలమ్మ ఫోను చేసింది.

"యాడుండావు?"

"చెక్‌పోస్టు కాడ. మన బండికి ఈ రాష్ట్రం పర్మిట్ లేదంట. ట్యాక్సు కట్టమంటాండారు."

ఆమె ఫోను పెట్టేసింది. అంతలో వీధి మొదట్లో టీచరమ్మ ఆటో కనబడింది. సుశీలమ్మ కుప్పమ్మ వంటింట్లోకి ఒక్క పరుగు తీసి, ఆమె గిన్నె, ఆమె చిన్న సిలిండరు స్టవ్వు తెచ్చి తన గదిలో వెలిగించి పాలు పెట్టింది.

"నా గిన్నెలో నీ పాలా? ఎవురైనా యిట్ల సేస్తారామ్మా?"

"పొంగనీమ్మా, తోమిస్తాను."

పాలు పొంగాయి. గడప దాకా వచ్చిన టీచరమ్మ చూసి, ముఖం ముడుచుకుని వెనుదిరిగింది.

చాలాసేపటికి టెంపో వచ్చింది. ఒక రాష్ట్రంలో డీజిల్ చవగ్గా కొట్టించి, అదే రాష్ట్రానికి ట్యాక్సు కట్టి వచ్చిన వెంకటరమణప్ప గడపలో నిలబడి, పొయ్యి మీది గిన్నె వైపు తదేకంగా చూశాడు. ఇన్ని వారాల పరిశోధనలో తొలిసారి ఆయన ముఖం వికసించింది.

"ఒక మాట సుశీలా. పాల మీద మూడు రాష్ట్రాల్లోనూ పన్ను లేదు!"

"అయితే తాగు," అంది సుశీలమ్మ. "తాగి, ఆ మిషను దించు."