పిన్ని అన్నం తిన్న హోటలు

అరవైల మధ్యలో తెనాలి స్టేషను నుంచి బజారుకు వెళ్ళే దారిలో ఒక పెద్ద హోటలు పెట్టారు. అంతకుముందు ఊళ్ళో హోటళ్ళు లేక కాదు. కాఫీ ఒలికిన చెక్కబల్లలతో, సర్వర్ల కేకలతో హోరెత్తిపోయే హోటళ్ళు వీధివీధినా ఉండేవి. ఇది వేరు. కింద పాలరాతి బల్లలు, గోడలకు నిలువుటద్దాలు. మేడ మీద కుటుంబాలకు విడిగా గదులు, గదికో పచ్చ తెర. తినడం అయ్యాక చేతులు కడుక్కోవడానికి గిన్నెలో గోరువెచ్చని నీళ్ళు, ఆ నీళ్ళలో నిమ్మచెక్క. ప్లీడర్లూ డాక్టర్లూ రైసుమిల్లుల వాళ్ళూ వెళ్ళే చోటది. మాలాంటి వాళ్ళం బయట నుంచే అద్దాలు చూసుకుంటూ పోయేవాళ్ళం. ఆ మేడ మీద కొన్నాళ్ళపాటు ఆదివారం ఆదివారం భోంచేస్తానని నాకెవరైనా చెప్పి ఉంటే నమ్మేదాన్ని కాదు.

మా నాన్న రేపల్లెలో మిషను బడి టీచరు. అమ్మకు సొంత చెల్లెలు, మా పిన్ని, బాపట్లలో ఉండేది. బాబాయి అక్కడ ఒక ఆఫీసులో గుమాస్తా. వాళ్ళకు ఒక్కతే కూతురు, నాకంటే చిన్నది. మాటల పుట్ట. పిన్ని కంచంలో తప్ప తినేది కాదు. పిన్ని ముద్ద కలిపి తన నోట్లో పెట్టుకోబోతుంటే చెయ్యి పట్టుకుని లాక్కుని తినేసేది. "దీన్తో నేను తిన్నట్టే ఉండదే అక్కా" అని పిన్ని మా అమ్మతో అనేది గానీ, ఆ అనడంలో విసుగుండేది కాదు.

ఒక ఏడాది వానలు బాగా పట్టిన రోజుల్లో ఆ పిల్లకు జ్వరం వచ్చింది. మామూలు జ్వరమే అనుకున్నారు. తీరా చూస్తే కంఠసర్పి. గొంతులో తెల్లగా పొర కట్టేసి, చివరికి పాలచుక్క కూడా దిగలేదు. మేము రేపల్లె నుంచి తెనాలి వచ్చి బండి మారి బాపట్ల చేరేసరికి అంతా అయిపోయింది. సమాధుల తోటలో గొయ్యి నిండా నీళ్ళు ఊరుతుంటే తోడిపోస్తున్నారు. అందరూ ఏడుస్తున్నారు. పిన్ని ఏడవలేదు. ఆ నీళ్ళు తోడే మనిషితో, "ఇంకాస్త తియ్యి నాయనా, తడిగా ఉంది" అని మాత్రం అంది.

ఆ తరవాత కూడా ఏడవలేదు. ఇల్లు ఊడ్చేది, వండేది, బాబాయికి వడ్డించేది. తను మాత్రం కంచం ముందు కూర్చునేది కాదు. ఎవరైనా మరీ బలవంతం చేస్తే నిలబడి కాసిని మజ్జిగ తాగేది. చర్చికి వెళ్ళడం మానేసింది. సండేస్కూలు పిల్లల పాట వినబడితే కిటికీ మూసేసేదట. నెల తిరిగేసరికి చేతి గాజులు మోచేతి దాకా జారుతున్నాయి.

అప్పుడు బాబాయి రేపల్లె వచ్చి మా అమ్మ ముందు చేతులు కట్టుకు నిలబడ్డాడు. "వదినా, అమ్మాయిని కొన్నాళ్ళు మా ఇంట్లో ఉంచండి. బడికి అక్కడే పంపుతాను. ఇంట్లో పిల్ల తిరుగుతుంటే మీ చెల్లెలు మనుషుల్లో పడుతుందేమో" అన్నాడు. అమ్మ నాన్న వైపు చూసింది. నాన్న తల ఊపాడు. మర్నాడు నా బట్టలు సంచిలో సర్దేశారు.

నేను వెళ్ళాను గానీ, పిన్ని మనుషుల్లో పడలేదు. నా జడ వేసేది, నా పలక తుడిచేది, నాకు అన్నం పెట్టేది. నేను తింటుంటే ఎదురుగా గోడకు ఆనుకుని, నా గొంతు వైపే చూసేది. ప్రతి ముద్దా దిగే దాకా చూసేది. నాకు భయమేసి గబగబా తినేసి లేచేదాన్ని.

ఒక ఆదివారం బాబాయి పిన్నిని తెనాలిలో పేరున్న డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాడు. నన్నూ వెంటబెట్టుకెళ్ళారు. ఆయన నాడి చూసి, నాలుక చూసి, టానిక్కు రాసిచ్చి, "జబ్బేమీ లేదండి, తినాలి అంతే" అన్నాడు. బయటికొచ్చేసరికి వాన. పరిగెత్తి ఆ హోటలు పంచన నిలబడ్డాం. లోపల్నుంచి నేతిలో వేగే పోపు వాసన. బాబాయి ఒకసారి పిన్నిని చూసి, ఒకసారి వానను చూసి, "పదండి, పైకెళ్దాం" అన్నాడు. ఆయన గొంతులో తెగింపు లాంటిదేదో వినబడింది.

మమ్మల్ని పచ్చ తెర ఉన్న గదిలో కూర్చోబెట్టారు. సర్వరు నడివయసు మనిషి, తెల్లటి కోటు, మర్యాదైన మాట. అరిటాకులు వేసి, పప్పూ కూరా వడ్డించి, నెయ్యి గిన్నె పట్టుకుని పిన్ని వైపు తిరిగాడు.

"మీ పాపకి కాస్త ఎక్కువ నెయ్యి వేయమంటారా అమ్మా?"

బాబాయి చెయ్యి ఆకు మీద ఆగిపోయింది. నేను తల దించుకున్నాను. పిన్ని ఆ సర్వరు ముఖంలోకి చూసింది. మా సంగతేదీ తెలియని ముఖం అది. మా వీధిలో ఎవరి ముఖం చూసినా కనబడే జాలి అందులో లేదు.

"వేయండి. మా పాప నెయ్యి బాగా తింటుంది. కారం మాత్రం తినదు" అంది పిన్ని.

నేను కారం తింటాను. రేపల్లెలో మా ఇంట్లో ఎండుచేపల పులుసు లేనిదే ముద్ద దిగదు నాకు. కారం తిననిది చనిపోయిన పిల్ల. అయినా ఆ రోజు చప్పటి కూరే వేయించుకుని తిన్నాను. తింటూ పక్కకు చూస్తే పిన్ని ముద్ద కలుపుతోంది. కలిపిన ముద్ద నా నోటికి అందించి, తరవాతది తన నోట్లో పెట్టుకుంది. బాబాయి తన ఆకు సంగతే మర్చిపోయి అలా చూస్తుండిపోయాడు. పెరుగన్నం దాకా తిన్నది పిన్ని. తిరుగుబండిలో నా భుజం మీద తల పెట్టుకుని నిద్రపోయింది.

అప్పటినుంచి ఆదివారమొస్తే తెనాలి ప్రయాణం. ఇంట్లో మళ్ళీ మజ్జిగే. ఆ గదిలో కూర్చుంటే మాత్రం తినేది. మాకు ఎప్పుడూ ఆ సర్వరే వచ్చేవాడు. "పాప బాగా చదువుతోందా అమ్మా?" అని అడిగేవాడు. "ఆఁ, లెక్కల్లోనే కాస్త బద్ధకం" అని పిన్ని నవ్వేది. పుట్టినప్పుడు ఎంత సన్నగా ఉండేదో, ఎన్నో నెలలో అడుగులు వేసిందో చెప్పేది. అవన్నీ ఆ పిల్ల సంగతులే. ఒకరోజు తెర లోపలికి వెళ్ళబోతూ నా చెవి దగ్గర వంగి, "ఇక్కడ నన్ను అమ్మా అని పిలుస్తావా?" అంది. పిలిచాను. కష్టమనిపించలేదు. అలా పిలిచినప్పుడల్లా ఆవిడ ముఖం చూడాలనిపించేది, అంత బాగుండేది. బాబాయి మాత్రం ఆ గదిలో రానురానూ మాట తగ్గించేశాడు.

వీధిలో గుసగుసలు మొదలయ్యాయి. కడుపుకోత ఆరకుండానే హోటళ్ళ వెంట తిరుగుతున్నారని ఎవరో అన్న మాట రేపల్లె దాకా పాకింది. క్రిస్మస్ దగ్గర పడ్డాక అమ్మ కబురు చేసింది: "ఆదివారం తెనాలి వస్తున్నాను, అక్కడే కలుద్దాం." నాన్న రాలేదు. అమ్మ ఒక్కతే రేపల్లె బండి దిగింది. వారాల తరవాత అమ్మను చూసి పరిగెత్తి నడుము పట్టుకున్నాను. తిరిగి చూస్తే పిన్ని ప్లాట్‌ఫారం మీద చేతిసంచి గుండెకు హత్తుకుని నిలబడి ఉంది.

అలవాటు చొప్పున హోటలుకే వెళ్ళాం. అమ్మ ఆ అద్దాల వంక, మెట్ల వంక చూస్తూ పైటకొంగు సర్దుకుంది. గదిలో కూర్చోగానే సర్వరు నవ్వుతూ వచ్చాడు.

"ఇవాళ చుట్టాలొచ్చినట్టున్నారే. పాపకి ఎప్పట్లాగే కారం లేకుండానా అమ్మా?" అని పిన్నినడిగి, అమ్మ వైపు తిరిగి, "అంతా వాళ్ళమ్మ పోలికేనండి" అన్నాడు.

పిన్ని ముఖం పాలిపోయింది. బాబాయి కిటికీలోంచి బయటికి చూడసాగాడు. అమ్మ నన్ను చూసింది, చెల్లెల్ని చూసింది. ఎక్కువ సేపు చూడలేదు.

"అవునండి, అచ్చం వాళ్ళమ్మే. వాళ్ళమ్మ ఎలా చెప్తే అలా పట్రండి" అంది.

సర్వరు తెర వేసి వెళ్ళాడు. పిన్నికి ఏదో ఒకటి చెయ్యాలనిపించినట్టుంది. చేతిసంచిలోంచి ఒక పొట్లం తీసింది. గులాబిరంగు గౌను. అంచుకు తెల్ల లేసు. "పండక్కని కుట్టానక్కా. చూపించకుండా దాచిపెట్టాను. లే అమ్మా, నిలబడు" అంది నాతో.

నేను లేచి నిలబడ్డాను. గౌను భుజాలకు ఆనించి చూసింది. నడుము దగ్గరికి రావలసిన కుట్టు నా చంకల దగ్గరే ఆగింది. అంచు మోకాళ్ళకు చాలా పైన ఉండిపోయింది. పిన్ని ఒకసారి కిందికి లాగింది. మళ్ళీ లాగింది. నా కొలత తీసుకోలేదు ఆవిడ. ఆవిడ చేతులకు తెలిసిన కొలతతో కుట్టేసింది.

అమ్మ గబుక్కున అందుకుంది. "ఏముందే, కింద ఇంకో కుచ్చు వేస్తే సరిపోతుంది. రంగు ఎంత బాగుందో."

పిన్ని గౌనును అమ్మ చేతికివ్వలేదు. ఒళ్ళో పరుచుకుని, మడతలు పడకుండా దాని చేతులు లోపలికి మడిచింది.

"ఇది దీనిది కాదక్కా."

"చెల్లీ..."

"కాదు. దీన్ని తీసుకెళ్ళు. ఇవాళే తీసుకెళ్ళిపో" అంది పిన్ని. గొంతులో కోపం లేదు. అలసిపోయిన మనిషి గొంతు.

వడ్డించిన అన్నం మేమెవరమూ తినలేదు. సర్వరు కంగారు పడి, వంటలో ఏమైనా లోపమా అని బాబాయిని అడిగాడు. "లేదండి, ఆకలి లేదు" అన్నాడు బాబాయి.

స్టేషనులో రేపల్లె బండి ముందు కదిలింది. పిన్ని కిటికీ దగ్గరికొచ్చి, ఊచల్లోంచి చెయ్యి పెట్టి నా చెంప తట్టి, "బాగా చదువుకో" అంది. ఆ రోజు ఏమని పిలవాలో తెలియక నేనేమీ పిలవలేదు. బండి వేమూరు దాటింది. "అక్కడ పిన్నిని అమ్మా అని పిలిచేదానివా?" అంది అమ్మ. తల ఊపాను. అమ్మ నన్ను దగ్గరికి లాక్కుని, నా తల మీద చెయ్యి వేసి, బయట చేల వైపు చూస్తూ కూర్చుంది. తిట్టలేదు. ఆ తరవాత ఎప్పుడూ ఆ మాట ఎత్తలేదు.

డెబ్బైల్లో నేను బాపట్లలో చదువుకున్న రోజుల్లో సెలవు దొరికితే పిన్ని ఇంటికి వెళ్ళేదాన్ని. పిన్నికి మళ్ళీ పిల్లలు కలగలేదు. చర్చిలో వెనక వరసలో కూర్చునేది. నాకిష్టమని చింతకాయ వేసి చేపలు వండేది. నాతోపాటే తన కంచంలో తినేది, కొద్దిగానే అయినా. నన్ను చూస్తే సంతోషించేది గానీ, దగ్గరికి తీసుకోవడానికి కొంచెం జంకేది. నేనూ జంకేదాన్ని.

ఆ దశాబ్దం తిరగకుండానే పిన్ని గుండెజబ్బుతో పోయింది. అంతా అయ్యాక అరుగు మీద కూర్చుని ఉన్నప్పుడు, ఆ రోజు మా బండి వెళ్ళాక ఏం జరిగిందో బాబాయి తనంతట తనే చెప్పాడు.

"మా బండి నిడుబ్రోలు దాటాక మొదలుపెట్టిందమ్మా ఏడుపు. అన్నాళ్ళదీ ఒక్కసారే. పెట్టెలో వాళ్ళంతా లేచి నిలబడ్డారు. ఎవరో ముసలామె ఒళ్ళోకి తీసుకుని పడుకోబెట్టింది. మొదటిసారి అప్పుడు మన పాప పేరెత్తింది. ఇంటికొచ్చి తనే ఇంత అన్నం పెట్టుకుని తింది." కండువాతో ముఖం తుడుచుకున్నాడు. "ఆ హోటలుకి మిమ్మల్ని తిప్పడం మంచి పనో కాదో నాకిప్పటికీ తెలీదు. మీ పిన్నికి అబద్ధం తినిపిస్తున్నానని నాకు తెలుస్తూనే ఉండేది. కానీ తింటోంది కదా అనుకునేవాణ్ణి. అప్పుడు నాకు ఇంకేం కనబడలేదమ్మా."

మంచి పనే బాబాయ్ అందామనుకున్నాను. ఆయన పక్కకు జరిగి కూర్చున్నాను. లోపల ఆడవాళ్ళు పిన్ని చీరలు మడతపెడుతున్నారు.