బొడ్డెమ్మ మీద పటాలం

మొన్న మా మనవడు డాబా మీద ప్లాస్టిక్ బొమ్మల సంచి విప్పాడు. ఎండకు వేడెక్కిన ఆ వాసన ముక్కుకు తగలగానే, ఆరబెడుతున్న వడియాలను వదిలేసి కూర్చుండిపోయాను. మా పక్కింటి నర్సమ్మత్త గుర్తొచ్చింది. మోత్కూరు దగ్గర మా పల్లెలో ఆమె గొంతెత్తితే కోళ్లు గంపల కింద దూరేవని అందరూ నవ్వేవాళ్లు.

నా ఈడు ఆడపిల్లలు లక్కపిడతలు కూడబెట్టుకునే రోజుల్లో నేను సిపాయి బొమ్మలు కూడబెట్టాను. జాతర్లలోకి ప్లాస్టిక్ బొమ్మలు అప్పుడప్పుడే వస్తున్నాయి. బొటనవేలంత ఆకుపచ్చ సిపాయిలు. ఒకడు బోర్లా పడుకుని తుపాకి గురిపెట్టేవాడు, ఒకడు బాంబు విసరబోతూ చెయ్యెత్తి నిలబడేవాడు. ఏ జాతరకు పోయినా బాపును సతాయించి ఒకణ్ణి తెచ్చుకుని బిస్కెట్ల డబ్బాలో చేర్చేదాన్ని. మా అవ్వ తల బాదుకునేది.

"ఆడిపోరికి తుపాకులోళ్ల బొమ్మలేందే? రేపు నిన్నెవడు చేసుకుంటడు?"

గోడ అవతలి నుంచి నర్సమ్మత్త అందుకుంది. "సిపాయే చేసుకుంటడు తియ్యి!"

ఆమె ఒక్కగానొక్క కొడుకు ఎల్లయ్య బావ మిలటరీలో ఉన్నాడు. అప్పుడప్పుడు నా డబ్బా తెరిపించి, "గీళ్లల్ల మావోడెవడే?" అని అడిగేది. నేను బాంబు వీరుణ్ణి చూపిస్తే పెదవి విరిచేది. "గాడు కాదు బిడ్డా. మావోడికి బద్ధకమెక్కువ. గీ పండుకున్నోడే."

సరిహద్దులో యుద్ధం మొదలైన ఏడాది ఎల్లయ్య బావ నుంచి కబురు ఆగిపోయింది. అది బొడ్డెమ్మ ఆడే కాలం. పెళ్లికాని పిల్లలం పుట్టమన్నుతో పీట మీద మెట్లు మెట్లుగా బొడ్డెమ్మను చేసి, పూలు పెట్టి, సాయంత్రాలు చుట్టూ తిరిగి ఆడి, చివరి రోజు బావిలో కలుపుతాం. ఆ ఏడు మన్ను పచ్చిగా ఉండగానే నా సిపాయిలందరినీ ఆ మెట్ల మీద గుచ్చేశాను. బొడ్డెమ్మంటే గౌరమ్మే కదా, బావకు ఆ తల్లి తోడుంటుందని నా తెలివి.

ముసలి రాములవ్వ మండిపడింది. "గౌరమ్మ మీద తుపాకులా? పీకెయ్!"

"ఎవ్వలన్న చెయ్యి పెట్టిండ్రంటే చూడుండ్రి," అంది నర్సమ్మత్త. "మనోళ్లను కాపాడమని మొక్కుతున్నం గదా. తల్లి ఒళ్లె కూసోబెడితే తప్పా?"

మరునాడు పక్క వాడల వాళ్లు కూడా చూడవచ్చారు. నేను గొప్పలు పోయాను. ఈలోగా మన్ను ఎండి సిపాయిల కాళ్లు బిగుసుకుపోయాయి. పీకితే బొడ్డెమ్మ విరుగుతుంది, విరిగితే ఊరికి అరిష్టం. నా పటాలమంతా బావిపాలేనని తెలిసి వెక్కివెక్కి ఏడ్చాను.

చివరి రోజు బావి గడ్డ మీద రాములవ్వ ఇంకో మాట అంది. "కొడుకు జాడ లేకపాయె, సిపాయిలను ముంచుతున్నరు. ఏం శకునమే ఇది?"

నర్సమ్మత్త ముఖం పాలిపోయింది. ఆమె నోట మాట రాకపోవడం నేను చూసింది ఆ ఒక్కసారే. నాకు నా బొమ్మల ఏడుపు పోయి, బావ ఏమైపోతాడోనన్న భయం పట్టుకుంది. ఆమె మాత్రం పీటను తనే ఎత్తుకుని, మెట్లు దిగి, నడుములోతు నీళ్లలో నిలబడి అదిమిపట్టింది.

మన్ను కరిగి నీళ్లు ఎర్రబడ్డాయి. పూలు విడిపోయాయి. ప్లాస్టిక్ నీళ్లలో ఏమవుతుందో మా ఊళ్లో ఎవరికీ తెలియదు. అంతలో బుడుంగుమని ఒకడు పైకి లేచాడు. వెనకాలే ఇంకొకడు. చూస్తుండగానే పూల నడుమ పటాలమంతా తేలింది!

నర్సమ్మత్త పడుకున్నవాణ్ణి అందుకుని చెయ్యెత్తింది. "చూడుండ్రే! ముంచితే మునిగెటోళ్లా మావోళ్లు? వస్తడు నా కొడుకు! గిట్లనే వస్తడు!"

బావి మారుమోగింది. గడ్డ మీద మేమంతా ఎగిరి గంతులేశాం, రాములవ్వ కూడా చప్పట్లు కొట్టింది. ఎల్లయ్య బావ బతికున్నాడో లేదో అప్పటికి ఎవరికీ తెలియదు. యుద్ధం ఆగాక ఒక మధ్యాహ్నం అతను బస్సు దిగాడు. నర్సమ్మత్త కేక విని ఊరంతా ఉరికింది.

గెలిచిన కబురు అందాక ఎవరైనా అరుస్తారు. అందకముందే అరవడం నేను ఆమె దగ్గర నేర్చుకున్నాను. నేను చేసుకున్నది సిపాయిని కాదు, బడిపంతులును. ఆయనకు గుండె ఆపరేషన్ జరుగుతున్నప్పుడు దవాఖాన వరండాలో మావాళ్లంతా గుసగుసలాడుతుంటే నాకు ఒళ్లు మండింది. లేచి నిలబడి, "నడుచుకుంట వస్తడు మా ఆయన!" అని అరిచాను. నర్సు పరుగెత్తుకొచ్చి, "జర మెల్లగ, అమ్మా" అంది. మెల్లగా అనడం నా వల్ల కాలేదు. అది నర్సమ్మత్త గొంతు.